తెల్లబండి మీద తుప్పు చుక్కలు

"నీ చెయ్యి పడితే తెల్లగా ఉండేది ఏదైనా ఇంతే" అన్నాడు సురేంద్ర. కాఫీ గ్లాసును కారు బానెట్ మీద పెట్టబోయి, గీత పడుతుందని గుర్తొచ్చి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ప్రసూన తల ఎత్తలేదు. కొంగు నడుముకు దోపుకొని, కారు తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, బొటనవేలి గోటితో ఒక ఎర్రచుక్కను గోకుతూ ఉంది. ఆవగింజలో సగం కూడా లేదు ఆ చుక్క. అలాంటివి తలుపుల మీద, బానెట్ మీద, టాపు మీద చిటికెడు కారప్పొడి చల్లినట్టు పడి ఉన్నాయి. సబ్బునీళ్ళకు పోలేదు. కిరోసిను గుడ్డకు పోలేదు. పళ్ళు తోముకునే పేస్టుతో పోతాయని ఎవరో చెప్పారని నిన్న సగం ట్యూబు రుద్దించాడు మొగుడు. చేతులు లాగాయి గానీ చుక్కలు కదల్లేదు.

సెకండ్‌హ్యాండుదే అయినా ఆ కారు పుత్తూరులో వాళ్ళ వీధికి వచ్చిన రోజు సురేంద్ర గుమ్మడికాయ దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఇంటి ముందు భాగమంతా ఆయన గ్రిల్లుల షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల రెయిలింగులు చేస్తారు. పొద్దున మొదలైతే దీపాలు పెట్టే వేళదాకా ఇనుము కోసే మిషను అరుస్తూనే ఉంటుంది. షాపు పక్కన రేకుల కింద కారు. షాపు వెనక ఇల్లు. రెంటి మీదా మిద్దె, మిద్దె మీద గుడ్డలారేసే దండెం. కారు కడిగే పని ప్రసూనకు ఎవరూ అప్పగించలేదు. పనివాళ్ళకు టీలు పెట్టడం, గేటు ఎప్పుడవుతుందని ఫోన్లు చేసేవాళ్ళకు జవాబు చెప్పడం, సాయంత్రం షాపులో ఇనప పొడి ఊడ్చి తట్టకెత్తడం, ఇవి కూడా ఎవరూ అప్పగించినవి కావు. పిలవని పేరంటానికి వచ్చినట్టు వాటంతట అవే వచ్చి ఆమె ఒళ్ళో కూర్చున్నాయి.

చుక్కలు కనపడిన మొదటిరోజే తీర్పు అయిపోయింది. బోరునీళ్ళతో కడిగి సరిగా తుడవదు, అందుకే తుప్పు. రోజూ అరచేయి పెట్టి తుడిచేది తనే కాబట్టి, పైన ఏదో దిగబడినట్టు గరగరా తగులుతోందని ప్రసూన చెప్పి చూసింది. బండి గురించి నీకేం తెలుసన్నాడు ఆయన. వరండాలో కూర్చుని తమలపాకులు తుడుచుకుంటున్న అత్త చంద్రకాంతమ్మ, దుప్పట్లకే దిక్కులేదు, ఇంక కారుకేం చేస్తాది అంది. అనేసి, ఆకుకు సున్నం రాసుకుంది.

ఆ దుప్పట్ల మాట నిన్నటిది కాదు, మొన్నటిది కాదు.

ప్రసూన పుట్టింది నగరిలో. వాళ్ళ నాయన ఇంట్లో మరమగ్గాలు రెండు పగలంతా ఆడేవి. నూలు ముట్టుకుంటే అది ఎన్ని నీళ్ళకు ఎంత కుంచించుకుపోతుందో చెప్పగలిగేది ఆమె. పెళ్ళిలో నాయన ఇచ్చినవాటిల్లో ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైనవి తమ మగ్గం మీదే దిగిన తెల్ల దుప్పట్లు, ఒక తెల్లచీర. చీరకు సన్నటి మెంతిరంగు అంచు. కాపరానికి వచ్చిన కొత్తలో ఒక దుప్పటి ఉతికి మిద్దె మీద ఆరేసింది. సాయంత్రం మడత పెడుతుంటే మధ్యలో ఎర్రగా, గోధుమగా చిన్న చిన్న మరకలు. అత్త చూసింది. దుప్పటి చూసింది, కోడలి మొఖం చూసింది, దేవుడి గూటి వైపు చూసింది. ఆ రోజు శుక్రవారం. "ముట్టయ్యి గూడా సెప్పకుండా ఇంట్లో తిరుగుతాండావా?" అని అడిగింది.

కాలేదని చెప్పింది ప్రసూన. కాలేదంటే మరి మరకెక్కడిదంది అత్త. దానికి ప్రసూన దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో జవాబు లేకపోవడమంటే తప్పు ఒప్పుకోవడమే. అప్పటికప్పుడు తలకు పోసుకోమన్నారు. వంటింట్లోని నీళ్ళన్నీ పారబోయించారు. వెనక పంచలో చాప, వేరే కంచం, వేరే చెంబు. మొగుడు అటువైపు వచ్చి, "సెప్పేస్తే పోయేదానికి ఎందుకే ఈ రచ్చంతా" అని వెళ్ళిపోయాడు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్తకుండ అని ఊరికే అనలేదు. ఆ పూటనుంచి ఆమె శుభ్రం మీద ఆ ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు.

తుప్పేమోనని ఆమెకు మొదట్లోనే తోచకపోలేదు. మగ్గం మీద గుడ్డకు తుప్పు తగిలితే ఎట్లా ఉంటుందో తెలిసిన పిల్ల. మిద్దె మీద దండేనికి ఇనపతీగ ఉంది కాబట్టి అదే అయుంటుందని, మార్చమని మొగుణ్ణి బతిమాలింది. నెలలకొద్దీ సతాయించాక ఆయన నైలాన్ తాడు కట్టాడు. ప్లాస్టిక్ క్లిప్పులు తెచ్చాడు. మళ్ళీ మరకలు పడ్డాయి. "ఇప్పుడేమంటావు?" అన్నాడు. ఇనుము తగలనిచోట తుప్పు ఎట్లా పడుతుంది? తను తెచ్చిన సాక్ష్యమే తన మీదికి తిరిగింది. ఇంట్లో మిగతా ఎవరి గుడ్డలకూ ఆ మరకలు లేవు. మొగుడి షాపు గుడ్డలు మాసిన ఖాకీవి, తెల్లచొక్కాలు చాకలి షాపుకు పోతాయి. అత్త మడిచీరలు ఆమే ఉతుక్కొని, వేరేవాళ్ళ నీడ తగలకుండా లోపలి గదిలో వెదురుకర్ర మీద ఆరేసుకుంటుంది. మరకలన్నీ ప్రసూనవే.

అట్లా ఏళ్ళు గడిచేసరికి తన ఒంటి మీద తనకే నమ్మకం పోయింది. నెత్తురైతే చల్లనీళ్ళకు పోవాలి కదా, ఇది పోదే, నా నెత్తురే అట్లాంటిదేమో అనుకునేది. పుత్తూరులో ఆడడాక్టరు దగ్గరికి ఒకసారి దొంగలా పోయి చూపించుకుంది. ఏమీ లేదమ్మా, అంతా బాగుందని ఆమె పంపించేసింది. బాగుందని డాక్టరు చెప్పినా ప్రసూన చెయ్యి వినలేదు. కూర్చున్నచోటినుంచి లేస్తే చాలు, కుడిచెయ్యి దానంతట అది వెనక్కి పోయి చీర తడుముతుంది. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, సొంత తమ్ముడి గృహప్రవేశంలో కూడా. నాయన ఇచ్చిన తెల్లచీర మూడోసారి ఆరేసినప్పుడే వెనకవైపు వచ్చేచోట మరకలు పడ్డాయి. దాన్ని మడిచి పెట్టె అడుగున పెట్టేసింది. కట్టుకోలేదు, పారెయ్యనూ లేదు.

ఇదంతా తనతోనే అయిపోయుంటే ఆమె ఇంకా ఓర్చుకునేదేమో. ఓర్చుకోవడం అలవాటైపోతే అది కూడా ఒక పనిలా రోజూ చేసుకుంటూ పోవచ్చు. కానీ కూతురు నందిత పెద్దదైంది.

నందిత బడిలో శనివారం తెల్లడ్రెస్సు. పోయిన చలికాలంలో ఒక శనివారం సాయంత్రం బడినుంచి వచ్చిన మనవరాలి వెనక చూసి చంద్రకాంతమ్మ గుమ్మంలోనే ఆపేసింది. షాపులో పనివాళ్ళు చూస్తుండగానే, అట్లనే వెనక సందులోంచి రమ్మంది. పిల్ల ఏడ్చింది, ఏమీ కాలేదవ్వా అని. మీ అమ్మా ఇదే పాట పాడతాదిలే అంది అవ్వ. ఆ రాత్రి సురేంద్ర అన్నం తింటూ, కూతురి వైపు చూడకుండా, "పిల్లకు కొంచిం శుభ్రం నేర్పు" అని పెళ్ళానికి చెప్పాడు. అప్పటినుంచి నందిత బడికి బయలుదేరేముందు గడపలో నిలబడి, వెనక్కి తిరిగి, "వెనక సూడుమా" అంటుంది. తల్లి చూస్తుంది. ఏమీ లేదంటుంది. పిల్ల నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, బాగా చూసినావా అని అడుగుతుంది. ఆ పిల్ల చెయ్యి కూడా వెనక్కి పోవడం మొదలుపెట్టింది. అచ్చం తన చెయ్యే.

పదోతరగతి మార్కులు బాగా వచ్చాయి. తిరుపతిలో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో సీటు, హాస్టలు కూడా. సోమవారంలోగా పోయి చేరాలి. సురేంద్ర మొదట మెత్తగానే ఉన్నాడు గానీ చంద్రకాంతమ్మ అడ్డం పడింది. ఇంట్లోనే తన మైల తాను చూసుకోలేని పిల్ల, నూరుమంది మధ్య ఏం ఉంటాది, ఆడ ఉండేవాళ్ళంతా మన మొఖాన ఉమ్మేస్తారంది. సురేంద్రకు అది న్యాయంగానే తోచింది. ముందు ఒళ్ళు శుభ్రంగా పెట్టుకునేది నేర్చుకోనీ, సదువు తర్వాత చూద్దామన్నాడు. నందిత లేచి లోపలికి పోయింది. పోతూ పోతూ చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంది.

ఇదీ గురువారం పొద్దున కారు తలుపు ముందు గొంతుక్కూర్చున్న ప్రసూన మనసులో ఉన్నది. సోమవారానికి మధ్య మిగిలింది మూడు పొద్దులు.

"లేసి చీర మార్చుకో. తిరుపతికి పోదాం" అన్నాడు సురేంద్ర. రేణిగుంట రోడ్డులో కార్లకు పాలిష్ పట్టే అష్ఫాక్ అనే ఆయన ఉన్నాడంట. నేనెందుకంటే, "నువ్వు యాడ తప్పు చేస్తాండావో ఆయప్పే సెప్తాడు. వచ్చి విను" అన్నాడు. దొంగను వెంటబెట్టుకొని పోయినట్టు తీసుకుపోయాడు.

అష్ఫాక్ నడివయసు మనిషి. కారును నీడలోకి తోయించి చుట్టూ ఒకసారి తిరిగాడు. సురేంద్ర వచ్చినదగ్గర్నుంచీ చెప్పిందే చెబుతున్నాడు, ఇంట్లో ఆడవాళ్ళు కడుగుతారు, బోరునీళ్ళు, తుడవరు అని. అష్ఫాక్ పలచటి ప్లాస్టిక్ కవరు ఒకటి చేతికి తొడుక్కొని బానెట్ మీద మెల్లగా నిమిరాడు. సురేంద్రను కూడా అట్లా నిమిరి చూడమన్నాడు. సురేంద్ర నిమిరాడు. "గరగరా ఉండాదే" అన్నాడు ఆశ్చర్యంగా. పక్కనే నిలబడ్డ పెళ్ళాం ఆ మాటే రెండు నెలల కిందట చెప్పిందని ఆయనకు గుర్తు రాలేదు.

అష్ఫాక్ ఒక సీసాలోంచి నీళ్ళలాంటి మందు చల్లాడు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసింది. కాసేపటికి ప్రతి చుక్క చుట్టూ రంగు ఊరింది. నేరేడుపండు చిదిపినట్టు ఊదారంగు. అది చారలు చారలుగా తెల్లటి తలుపుల మీదినుంచి కారుతూ కింద సిమెంటు మీద మడుగు కట్టింది. ప్రసూన కళ్ళు తిప్పుకోలేదు.

"ఇదంతా ఇనుము సార్" అన్నాడు అష్ఫాక్. "మీ ఇంటికాడ గ్రైండింగ్ పని ఏమన్నా జరుగుతాదా?"

సురేంద్ర టైరు వైపు చూశాడు. ప్రసూనే చెప్పింది, మాది గ్రిల్లుల షాపే అని.

అష్ఫాక్ నవ్వాడు. మిషను పెట్టి ఇనుము కోస్తే రవ్వలు లేస్తాయి కదా, మనం చూసేది పెద్ద రవ్వల్నేనంట. కంటికి కనపడని పొడి గాల్లో లేచి, ఎంతో ఎత్తుకు పోయి, తెల్లదో నల్లదో చూడకుండా అంతటా దిగుతుందంట. వేడిమీద ఉంటుంది కాబట్టి రంగులో దిగబడుతుంది, తడి తగిలితే తుప్పు పట్టి ఎర్రగా బయటపడుతుంది. నల్లబండి మీదైతే పడినా కనపడదు. రైలుపట్టాల పక్కన పెట్టే బండ్లకూ ఇదే రోగమంట. "కడిగినోళ్ళ తప్పేం లేదు సార్. అక్క రోజూ కడగబట్టి ఈ మాత్రమన్నా ఉండాది."

తర్వాత బంకముద్దలాంటిది తీసుకొని, సబ్బునీళ్ళు చల్లుకుంటూ, పసిబిడ్డ వీపు రుద్దినట్టు కారంతా రుద్దాడు. ముద్ద నల్లబడింది. టాపు మీద కొన్ని చుక్కలు అట్లాగే ఉండిపోయాయి. అవి లోపలికంటా దిగినాయి, గీకితే రంగే ఊడొస్తాది, ఉండనీండి అన్నాడు.

ప్రసూనకు ఆ తర్వాత మాటలు వినపడలేదు. గాల్లో లేస్తుంది. ఎత్తుకు పోతుంది. తెల్లదో నల్లదో చూడదు. మిద్దె సరిగ్గా షాపు మీదే. తడిగుడ్డ ఆరేసిన ప్రతిరోజూ కింద మిషను అరుస్తూనే ఉంది. పిల్ల డ్రెస్సూ అక్కడే ఆరింది, చెమట తడికి బడిలో ఎర్రబడింది. దండేనికి ఇనుము లేకపోతే ఏం, గాలికే ఇనుము ఉంది. సాయంకాలాలు తన చేత్తో ఊడ్చి తట్టకెత్తిన పొడి అది. నేలమీద పడుతుందని తెలుసు. పైకి లేస్తుందని ఎవరు చెప్పారు?

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అది కూడా ఆలస్యంగా, వడమాలపేట దాటుతుంటే. అప్పటిదాకా ఆమె ఎదురుచూసింది. మామిడికాయల లారీల వెనక కారు నెమ్మదిగా పోతూ ఉంటే, పక్కన కూర్చున్న మొగుడు ఒక్క మాట అంటాడేమోనని చూసింది. పెద్ద మాటేమీ అక్కర్లేదు. అట్లనా, మన దుప్పట్ల మరకలు గూడా ఇవేనేమో అంటే చాలు. సురేంద్ర ఫోను తీసి పక్కవీధి మునిరత్నానికి చేశాడు. నీ సిమెంటు షెడ్డు ఖాళీగా ఉండాది కదన్నా, రేపట్నుంచి బండి ఆడ పెడతా, మా ఇంటికాడ పెట్టకూడదంట, ఈ దుమ్ముకు తుప్పు పడతాదంట, పాపం తెల్లబండి అన్నాడు. పాపం అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి ఇంట్లో ఏ మనిషి గురించీ రాగా ఆమె వినలేదు.

చివరికి ఆమే అడిగింది, మరి మిద్దె మీద గుడ్డల మాటేమిటని.

ఆయనకు అర్థం కాకపోలేదు. స్టీరింగు మీద వేళ్ళు బిగించి, రోడ్డు వైపే చూస్తూ, "ఇప్పుడు అదంతా ఎందుకులే. మా అమ్మకు సెప్తే ఊరికే రచ్చ. గమ్మునుండు" అన్నాడు.

ఆమె గమ్మునుంది. శుక్రవారం కూడా గమ్మునే ఉంది. ఆ రోజు చంద్రకాంతమ్మ తన మీగడరంగు మడిచీర కట్టుకొని పూజ చేసుకుంది. మోకాళ్ళు పట్టేశాయని, చీర విప్పి బకెట్లో వేసి, తలకు పోసుకొని ముట్టుకో, జాడించి లోపల కర్ర మీద వెయ్యి అని కోడలికి చెప్పి పడుకుంది. ప్రసూన తలకు పోసుకుంది. చీర జాడించింది. తడిచీర భుజాన వేసుకొని లోపలి గదికి పోలేదు, మిద్దెక్కింది.

శనివారం షాపులో పెద్ద పని. ఒక కల్యాణమంటపం గేటు. పొద్దుగుంకేదాకా మిషను ఆగలేదు. మధ్యలో రెండుసార్లు పోయి చీర మీద నీళ్ళు చిలకరించి వచ్చింది. ఎందుకమ్మా అని నందిత అడిగితే చెప్పలేదు. పిల్ల చేత అబద్ధమాడించడం ఆమెకు ఇష్టం లేదు.

ఆదివారం పొద్దున షాపు లేదు. సురేంద్ర హాల్లో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. చంద్రకాంతమ్మ మంచం మీద కాళ్ళు చాపుకొని, చీర ఆరిందా అని అడిగింది. ప్రసూన చీర తెచ్చి ఆమె ముందు మంచం మీద వెడల్పుగా పరిచింది. మీగడరంగు మీద ఎర్రగా, గోధుమగా, చిన్న చిన్న మరకలు. నందిత గుమ్మంలో నిలబడిపోయింది.

"అత్తా, నీకెప్పుడైంది?" అని అడిగింది ప్రసూన. గొంతు పెంచలేదు. "మాకు సెప్పకుండా దేవునికి దీపం పెట్టినావే."

డెబ్బై ఏళ్ళు దగ్గరపడిన మనిషి. ముట్టు నిలిచి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తుండదు. "నా వయసేంది, నువ్వడిగే మాటేంది" అంది చంద్రకాంతమ్మ. మాటలో ఎప్పటి బలం లేదు. కళ్ళు మరకల మీదే ఉన్నాయి.

వయసును కాదు, చీరను చూడమంది ప్రసూన. నా దుప్పటి మీద ఇదే మరక, నా బిడ్డ డ్రెస్సు మీద ఇదే మరక అంది.

సురేంద్ర ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి లేచి తల్లి దగ్గరికి వచ్చాడు. "అది ముట్టు కాదుమా, నువ్వేం మనసులో పెట్టుకోవాకు. మన మిషను పొడి అది. గాల్లో లేసి గుడ్డల మీద పడతాది, తుప్పు పడతాది. మొన్న కారు చూపిస్తే ఆయప్ప సెప్పినాడు. నీ తప్పేం లేదు" అన్నాడు.

ఎంత తొందరగా అన్నాడు. ఊపిరి కూడా తీసుకోకుండా అన్నాడు. పెళ్ళాం పద్దెనిమిదేళ్ళుగా ఎదురుచూసిన మాట, కూతురు గడపలో నిలబడి ఏడ్చినప్పుడు రావాల్సిన మాట, తల్లి చీరకు మరక పడేసరికి నోట్లో సిద్ధంగా ఉంది. నీ తప్పేం లేదు. ఆ మాట ఆయనకు రాదేమోనని ఇన్నాళ్ళూ ప్రసూన అనుకుంది. రాకపోవడం కాదు, ఎవరికి చెప్పాలో ఆయనకు బాగా తెలుసు.

చంద్రకాంతమ్మ వేలితో ఒక మరకను రుద్దింది. "ఇది పోతాదా?" అని అడిగింది.

"నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండకు పెడితే తుప్పు పోతాది" అంది ప్రసూన. "నెత్తురైతే చల్లనీళ్ళకే పోయుండును. అది నీకు తెల్దా అత్తా?"

తెలియక కాదు. ఇద్దరు బిడ్డల్ని కని, జన్మంతా గుడ్డలు పిండిన ఆడమనిషికి నెత్తురు మరక ఏదో, కానిదేదో తెలియక కాదు. చంద్రకాంతమ్మ తల దించుకొని, మరకలు లోపలికి పోయేట్టు చీరను మడత పెట్టడం మొదలుపెట్టింది. మా అత్త గూడా, అని ఏదో అనబోయింది. మిగతాది మింగేసింది. ఏమనబోయిందో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ప్రసూనకు ఒక్క క్షణం జాలి కలిగింది గానీ, దాన్ని చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టే తీరిక ఆమెకు లేదు.

రేపు నందితను కాలేజీలో చేర్చి వస్తానని చెప్పింది.

సురేంద్ర కసిరాడు. దానికీ దీనికీ ఏం సంబంధమన్నాడు. మరక మైల కాదని తేలిపోయింది కదా అని ఆమె అంటే, తేలితే మాత్రం, వయసొచ్చిన పిల్లను యాడనో పెట్టి నేను ఈడ నిద్రపోవల్లా అన్నాడు. అప్పుడు ఆమెకు పూర్తిగా అర్థమైంది. మరక ఒక సాకు. అది పోతే ఇంకొకటి ఉంది. అదీ పోతే ఇంకొకటి పుడుతుంది. మరకలు కడుక్కుంటూ పోతే ఈ జన్మకు తెల్లబడేది లేదు.

"ఈడ పెడితే తుప్పు పడతాదని బండిని పక్కవీధిలో పెట్టినావు" అంది ప్రసూన. "బండికి సూపిన తెలివి మనిషికి సూపకపోతే ఎట్లా? నా బిడ్డను నేను ఈడ పెట్టను."

ఆయన నోరు తెరిచాడు. గుమ్మంలో ఉన్న కూతురు కళ్ళెత్తి తన వైపే చూస్తోంది. ఏమనుకున్నాడో, కారు తాళాలు తీసుకొని బయటికి పోయాడు. మునిరత్నం షెడ్డులో బండి ఎట్లుందో చూసుకోవాలి కదా.

సోమవారం పొద్దున ప్రసూన పెట్టె అడుగునుంచి తెల్లచీర తీసింది. మడతల దగ్గర పసుపుపచ్చగా మారింది. వెనకవైపు వచ్చేచోట మరకలు అట్లాగే ఉన్నాయి. నిమ్మకాయలు ఇంట్లో ఉన్నాయి, రుద్దే తీరికా ఉంది. రుద్దలేదు. అట్లాగే కట్టుకుంది. వరండాలో చంద్రకాంతమ్మ చూసింది, చూసి తమలపాకు తుడుచుకుంటూ కూర్చుంది. ఒక చేత్తో ట్రంకుపెట్టె, ఒక చేత్తో కూతురి చెయ్యి పట్టుకొని బస్టాండుకు నడిచింది.

హాస్టలు గేటు లోపల బోలెడుమంది పిల్లలు. తల్లులు, పరుపుచుట్టలు, బకెట్లు. కాగితాల మీద ప్రసూన సంతకం పెట్టింది. తండ్రి రాలేదా అని అడిగితే, వాళ్ళమ్మను వచ్చినాను కదా అంది. నందిత మెట్ల దాకా పోయి ఆగింది. అలవాటుగా వెనక్కి తిరిగి నిలబడి, "సూడుమా" అంది.

ప్రసూన చూడలేదు. కావాలనే గేటు పక్కనున్న గానుగచెట్టు వైపు చూసింది. "సూడను. నువ్వూ సూసుకోవద్దు. పో" అంది.

పిల్ల చెయ్యి కొంచెం వెనక్కి కదిలింది, మళ్ళీ ముందుకు వచ్చి ట్రంకుపెట్టె పిడి పట్టుకుంది. మెట్లెక్కి లోపలికి పోయింది. ఆ చెయ్యి రేపు మళ్ళీ వెనక్కి పోతుందని ప్రసూనకు తెలుసు. లోపలికంటా దిగినవి అంత తొందరగా రావు. అయినా ఇంక కొత్తవి పడవు.

తిరుగు బస్సులో సగం సీట్లు ఖాళీ. రేణిగుంట వచ్చింది, వడమాలపేట వచ్చింది. పుత్తూరు దగ్గరపడుతుండగా ప్రసూన లేచి నిలబడింది. ఇంటికిపోతే గిన్నెలు ఉంటాయి. షాపులో పొడి ఉంటుంది. ఆయన మొఖం ఎట్లుంటుందో కూడా ఆమెకు తెలుసు. ఇవన్నీ తెలిసీ దిగాలి. వెనక సీటులో ఉన్న పెద్దామె చప్పున ముందుకు వంగి ఆమె మోచెయ్యి పట్టుకుంది. మంచిమనిషే. మగవాళ్ళకు వినపడకుండా చెవిలో చెప్పింది, "అమ్మా, చీరకు వెనక మరకలు ఉండాయి. కొంగు కప్పుకో."

కుడిచెయ్యి ఎప్పటిలా లేచింది. నడుము దాకా పోయింది. అక్కడ ఆగింది.

"మరకలు కాదక్కా, తుప్పు" అంది ప్రసూన. "మా ఇంట్లో ఆడవాళ్ళకు పడతాది."

కొంగు కప్పుకోకుండానే బస్సు దిగింది.